చలికాలం టైర్లు

"చలికాలానికి టైర్లు కావాలండీ" అంది.
నవ్వొచ్చింది.
నరసాపురంలో చలికాలమంటే
పంకా ఒక నంబరు తగ్గించడం,
మా పైడియ్య చెవులకి మఫ్లరు చుట్టుకుని
టీకొట్టు బల్ల మీంచి సముద్రాన్ని తిట్టడం.
"మంచు గడ్డకట్టే ఊళ్ళలో వేస్తారంటండి అవి,
మనకెందుకూ" అన్నాను, జాకీ కిందికి తోస్తూ.

ఆవిడ డిక్కీ తెరిచింది.
పాత దుప్పట్లో నాలుగు నల్ల అల్లాయ్ చక్రాలు,
బెజవాడ ఆటోనగర్ నుంచి బస్సు మీదొచ్చినవి.
వాటి పక్కన నీళ్ళు పట్టిన సీసాలు, ఆక్సిజన్ మీటరు,
మోకాలి దాకా బురద ఎండిన బూట్లు.
అప్పుడు పోల్చుకున్నాను,
రొయ్యల ల్యాబు కరుణశ్రీ గారు.

పాత చక్రం ఊడిరాలేదు.
ఉప్పుగాలికి ఆరేళ్ళు కాపురం చేసిన నట్టు
ఊరికే విడాకులిస్తుందా?
పానాకి పైపు తొడిగి పైకెక్కి నిలబడ్డాను.
మూడు కిర్రుమన్నాయి.
నాలుగోది స్టడ్డుతో సహా విరిగింది.

రెక్క లోపల చెయ్యి పెడితే మట్టి, చేటెడు.
ఎర్రగా ఏటిగట్టు మీద పోసిన గ్రావెలు,
నల్లగా మొగల్తూరు చెరువులది,
బూడిదరంగుది పెదమైనవానిలంకది కావచ్చు.
ఆ పొరల్లో ఒక వడ్లగింజ
రెండంగుళాలు మొలిచింది, పాలిపోయి,
ఎండ ఎటుందో తెలీక
చక్రం వంపు వెంటే వంగి.
ఏం చెయ్యాలో తోచక
ఇంజనాయిలు డబ్బా మూతలో పెట్టాను.

అల్లాయ్ ఎత్తి చూస్తే నడిమి చిల్లు పెద్దది,
హబ్బు చిన్నది. నాన్న చొక్కాలో పిల్లాడు.
"పడుతుంది కదా, బిగించెయ్యండి."
ఆయ్, బిగిస్తానండి.
అరవై దాటాక స్టీరింగు వణికితే
ఆ వణుక్కి నా పేరే పెడతారు.
లేతు సుల్తాను దగ్గర నాలుగు రింగులు తిప్పించుకొచ్చేసరికి
గంటన్నర.
ఆవిడ టైర్ల దొంతి మీద కూచుని ఫోన్లో
"ఏరేటర్లు ఆపకండి. మూడింటికి వస్తున్నా.
పైకి తేలుతున్నాయా? ఎన్ని?
చాలా అనొద్దు. లెక్కపెట్టి చెప్పండి."

ధనుర్మాసంలో తెల్లారగట్ల
చెరువుకి ఊపిరి తగ్గుతుందట.
రెండు చెరువుల మధ్య గట్టు కారంత వెడల్పు,
మంచుకి తడిసి గుడ్డుసొన రాసినట్టు.
దీపాలేస్తే ఎదురుగా తెల్లగోడ.
ఈవిడకి ముందున్న కుర్రాడు
కిటికీలోంచి ఈదుకుంటూ బయటికొచ్చి
మర్నాడు ఉద్యోగం మానేశాడట.
వానకి గొడుగు మర్చిపోయినంత తేలిగ్గా చెప్పింది.

బయట పెట్టిన రోడ్డు టైర్లు లోపల పెట్టేశాను.
అటక మీంచి లోతు గాట్లవి దించాను,
బురదని పట్టుకుని, పట్టుకున్నంత వదిలేసే రకం.
"రోడ్డు మీద మోతెక్కువండి."
"మంచిదే, నిద్ర రాదు."

తిప్పి చూస్తే మెషీను ఒకచోట ఇరవై గ్రాములంది,
ఒకచోట పదిహేను.
కొత్త బరువులు అంటించాను.
పీకిన పాత సీసం డబ్బాలో వేశాను.
ఆదివారం బియ్యపుతిప్ప నుంచి పెమ్మాడి ఏసోబు వస్తాడు,
కరిగించి వలకి గుళ్ళు పోసుకుంటాడు.
ఇన్నాళ్ళూ రోడ్డు మీద చక్రాన్ని కుదురుగా ఉంచింది
ఇక ఏటి అడుగున వలని కూచోబెడుతుంది.
నా షాపులో పారేసేది ఏదీ లేదు,
నా నవ్వు తప్ప.

"వంద కిలోమీటర్లు తిరిగాక రండి,
నట్లు మళ్ళీ బిగించాలి" అన్నాను.
తలూపింది. డబ్బులు లెక్కపెట్టింది. వెళ్ళింది.

మూతలో మొలకకి పైడియ్య
టీ గ్లాసులు కడిగిన నీళ్ళు పోస్తున్నాడు.
పన్నెండు రోజులైంది.
మూడు కొట్టే వేళ
మా వీధి చివర రోడ్డు మీద ఆ మోత వెళ్తుంది.
మెలకువొస్తుంది నాకు.
వంద ఎప్పుడో దాటి ఉంటుంది.
చీకట్లో పడుకుని నాలుగు చక్రాల నట్లూ
ఒక్కొక్కటీ మళ్ళీ బిగిస్తాను,
మోత గట్టు వైపు తిరిగి
వినపడకుండా పోయేదాకా.